నాచు చెప్పే సాక్ష్యం

సీసాల కొద్దీ మందు పోసినా ఇంటి అక్వేరియంలో పగడాలను నాచు కమ్మేస్తూనే ఉంటుంది. అసలు కారణం ట్యాంకులోకి చేరే నీటిలో, మేతలో ఉంది. మన సముద్రాల్లోని పగడపు దిబ్బల కథ కూడా దీనికి భిన్నమేమీ కాదు.

ఉప్పునీటి అక్వేరియం పెట్టిన ఇంట్లో మొదటి నెల గడవకముందే పిలవని అతిథి ప్రత్యక్షమవుతుంది. ముందు ఇసుక మీద గోధుమరంగు పొడిలా కనిపిస్తుంది. తర్వాత రాళ్ల మీద ఆకుపచ్చ వెంట్రుకలు మొలుస్తాయి. మరికొన్నాళ్లకు ముదురు ఎరుపు జిగురు దుప్పటిలా పరుచుకుంటుంది. అప్పటికే లైట్లకు, పంపులకు, ఉప్పుకు వేలల్లో, కొన్ని ఇళ్లలో లక్షల్లో ఖర్చయి ఉంటుంది. కంగారుపడిన యజమానులు దుకాణానికి వెళ్లి నాచును చంపే మందు తెస్తారు. వారం రోజులు నీరు అద్దంలా మెరుస్తుంది. మూడో వారానికి నాచు తిరిగొస్తుంది. ఈసారి పగడాల అంచుల దాకా.

మందు పనిచేయకపోవడానికి కారణం తేలికైనదే. నాచు జబ్బు కాదు, జబ్బు లక్షణం. జ్వరం వచ్చినవారికి తడిగుడ్డ వేసినంత మాత్రాన టైఫాయిడ్ తగ్గదు. నీటిలోకి ఎంత నత్రజని, ఎంత భాస్వరం వచ్చిపడుతున్నదీ, దాన్ని తినేవారెవరూ ఎంతమంది ఉన్నదీ చెప్పే సాక్షి నాచు. ఆ సాక్షి నోరు నొక్కేస్తే కేసు మూతపడదు.

ఒంట్లో ఒక నాచు, బయట ఒక నాచు

పగడం రాయిలా కనిపించినా జంతువు. జెల్లీఫిష్‌కు దూరపు బంధువు. దాని కణజాలంలో కంటికి కనిపించని ఏకకణ నాచు నివసిస్తుంది. ఎండలో అది తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన ఆధారం. చాలా జాతులకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ అద్దెదారు నుంచే వస్తుంది. బదులుగా పగడం దానికి నీడనిస్తుంది, తన విసర్జితాలను ఎరువుగా ఇస్తుంది. ఏదీ వృథా కాని ఈ ఏర్పాటు వల్లనే పోషకాలు దాదాపు లేని ఉష్ణమండల సముద్రాల్లో కూడా పగడాలు నగరాలు కట్టగలిగాయి. సముద్రగర్భంలో ఒక శాతం కన్నా తక్కువ చోటును ఆక్రమించిన పగడపు దిబ్బలే సముద్ర జీవజాతుల్లో నాలుగో వంతుకు ఏదో ఒక దశలో ఆశ్రయమిస్తున్నాయి.

అంటే అక్వేరియం నడిపేవారి ముందున్న ప్రశ్న నాచు ఉండాలా వద్దా అని కాదు. ఏ నాచు ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న. పగడం ఒంట్లోని నాచుకు కావలసిన వెలుతురే రాళ్ల మీది నాచుకూ కావాలి. లోపలి నాచుకు ఎరువు పొదుపుగా అందుతుంది. బయటి నాచు నీటిలో మిగిలినదాని మీద బతుకుతుంది. మిగులు ఎక్కువైన రోజు బయటిదే గెలుస్తుంది. పగడానికి చేరే వెలుతురును అడ్డుకుంటుంది, అంచులను ఒరిపిడి పెడుతుంది, కణజాలం చుట్టూ బ్యాక్టీరియా పెరగడానికి చోటిస్తుంది.

ఈ లెక్క అర్థమయ్యాకే ఇళ్లలో పగడాల పెంపకం సాధ్యమైంది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో తన పద్ధతిని వివరించారు. పెద్ద యంత్రాలేవీ లేవు. సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్లు, కాస్త గాలి బుడగలు, మంచి వెలుతురు మాత్రమే. రాళ్లలోని బ్యాక్టీరియాయే నీటిని శుభ్రం చేస్తుందన్నది ఆయన గమనించిన రహస్యం. తర్వాతి దశాబ్దాల్లో జర్మన్ ఔత్సాహికులు దానికి ప్రొటీన్ స్కిమ్మర్‌ను జోడించారు. నురగ రూపంలో మలినాలు కుళ్లకముందే బయటికి తోసేసే పరికరం ఇది. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ అడే మరో దారి పట్టారు. నాచును నాచుతోనే జయించాలన్నారు. ట్యాంకు పక్కన ఒక జల్లెడ మీద కావాలని నాచును పెంచి, క్రమం తప్పకుండా గీకి పారేస్తే దానితోపాటే పోషకాలూ పోతాయి. నేడు చాలా ఇళ్లలో ట్యాంకు కింది గదిలో పెంచే కీటోమార్ఫా అనే చిక్కుదారపు నాచు చేసే పనీ ఇదే.

దొంగ వచ్చే దారులు

మన దేశంలో అక్వేరియం పెట్టేవారికి ఎదురయ్యే మొదటి సమస్య కుళాయిలోనే ఉంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మనిషికి ఫరవాలేదు. పగడానికి మాత్రం కాదు. దక్కన్ పీఠభూమిలోని బోరు నీటిలో చాలాచోట్ల నైట్రేట్ ఆ హద్దును కూడా దాటుతుంది.

ఒక లెక్క చూడవచ్చు. 200 లీటర్ల ట్యాంకు నుంచి రోజుకు 4 లీటర్లు ఆవిరైపోతుందనుకుందాం. ఉప్పు ఆవిరి కాదు కనుక ఆ లోటును మంచినీటితోనే భర్తీ చేయాలి. ఆ నీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటే రోజుకు 80 మిల్లీగ్రాములు ట్యాంకులో చేరినట్టు. నెలకు 2,400. అంటే చేపకు ఒక్క మెతుకు వేయకపోయినా నెల తిరిగేసరికి నైట్రేట్ లీటరుకు 12 మిల్లీగ్రాములు పెరుగుతుంది. నాచు ఎక్కడి నుంచి వచ్చిందని తల పట్టుకునేవారు ముందుగా చూడాల్సింది పై నుంచి పోస్తున్న బిందెనే.

వంటింటి ఆర్‌ఓ యంత్రం ఈ పనికి సగమే పనికొస్తుంది. రుచి కోసం అది కొంత లవణాన్ని ఉద్దేశపూర్వకంగా ఉంచుతుంది. ఆర్‌ఓ తర్వాత డీఅయొనైజేషన్ రెజిన్ గొట్టం బిగించి, టీడీఎస్ మీటరు సున్నా చూపించే నీటినే వాడాలి. అదే సున్నా ఐదయిందంటే రెజిన్ మార్చే సమయం వచ్చిందని అర్థం. నీటిలోని సిలికా ఇసుక మీది గోధుమరంగు పొడికి ఆహారం. రెజిన్ అరిగిపోయినప్పుడు ముందుగా జారిపోయేవాటిలో అదీ ఒకటి.

విశాఖపట్నం, చెన్నై వంటి తీర నగరాల్లో సముద్రపు నీటినే డబ్బాల్లో పట్టుకెళ్లేవారున్నారు. డబ్బు ఆదా. కానీ వర్షాకాలంలో గోదావరి, కృష్ణ వంటి నదులు బంగాళాఖాతంలో కలిపే మంచినీటి వల్ల తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు అదే దారిలో వస్తాయి. సాధారణ సముద్రంలో వెయ్యికి 35 వంతులుండే ఉప్పును రిఫ్రాక్టోమీటరుతో కొలవకుండా ఆ నీటిని పోయడం జూదమే.

రెండో దారి మేత. చేపల పొడి మేతలో సుమారు ఒక శాతం భాస్వరం ఉంటుంది. రోజుకు ఒక గ్రాము మేత వేస్తే 10 మిల్లీగ్రాముల భాస్వరం, ఫాస్ఫేట్‌గా లెక్కిస్తే 30 మిల్లీగ్రాములు నీటిలోకి దిగుతుంది. 200 లీటర్లలో అది లీటరుకు 0.15 మిల్లీగ్రాములు. పగడాల ట్యాంకులో ఫాస్ఫేట్‌ను 0.03 నుంచి 0.1 మధ్య ఉంచాలని అనుభవజ్ఞులు చెబుతారు. అంటే చిటికెడు మేత ఒక్క రోజులో హద్దు దాటించగలదు. చేపలు, బ్యాక్టీరియా, రాళ్లు, స్కిమ్మర్ అందులో చాలా భాగాన్ని పట్టేసుకుంటాయి కనుకనే ట్యాంకులు బతుకుతున్నాయి. చుట్టాలొచ్చిన ప్రతిసారీ పిల్లల చేత మేత వేయించే ఇంట్లో ఆ సంయమనం నిలవదు. గడ్డకట్టిన రొయ్యలను మంచినీటిలో కడిగి వడకట్టి వేయడం, రెండు నిమిషాల్లో చేపలు తినగలిగినంతే వేయడం ఖర్చులేని మందులు.

నీరు మారిస్తే సరిపోతుందనుకునేవారికి మరో లెక్క. నైట్రేట్ వారానికి 5 చొప్పున పెరిగే ట్యాంకులో వారానికి పది శాతం నీరు మారుస్తూ పోతే చివరికి అది 50 దగ్గర స్థిరపడుతుంది. ఎందుకంటే 50లో పది శాతం 5. ఎంత వస్తోందో అంతే పోతోంది. లోపలికి వచ్చేదాన్ని సగం చేస్తే అదే శ్రమతో 25 దగ్గర ఆగుతుంది. బయటికి తోడటం కన్నా లోపలికి రాకుండా ఆపడం ఎప్పుడూ చౌక.

ఆనవాలు పట్టాలి

దొంగలందరూ ఒకటి కాదు. గోధుమరంగు పొడి డయాటమ్‌లది. కొత్త ట్యాంకులో ఇవి సహజం. సిలికా అయిపోయాక వాటంతటవే తగ్గుతాయి. ఈ దశలో మందులు పోసేవారు అనవసరంగా యుద్ధం మొదలుపెట్టినట్టే.

ఆకుపచ్చ వెంట్రుకల నాచు మిగులు పోషకాలకు గుర్తు. పరీక్షలో ఫాస్ఫేట్ సున్నా చూపించినా నమ్మకూడదు. నీటిలోకి వచ్చినదాన్ని వచ్చినట్టే నాచు మింగేస్తున్నప్పుడు పరీక్షలో దొరికేదేముంటుంది? దీనికి చేతితో పీకడమే మొదటి చికిత్స. రాయిని విడి తొట్టెలోకి తీసి పళ్లు తోముకునే బ్రష్‌తో రుద్ది, ఊడినదాన్ని ట్యాంకు నీటితోపాటే పారబోయాలి. నాచును ట్యాంకులోనే చంపితే అది కుళ్లి, తాను తిన్నదంతా తిరిగి నీటిలోకే కక్కుతుంది. మందు పోసిన మూడో వారం కథ ఇదే.

గాజు గోలీల్లా కనిపించేది బబుల్ ఆల్గే. దాన్ని చిదపకుండా మొదలంటా తీయాలి. ఎమరాల్డ్ పీత దానికి శత్రువు. ఎర్రటి జిగురు దుప్పటి అసలు నాచే కాదు, సైనోబ్యాక్టీరియా. నీటి ప్రవాహం మందగించిన మూలల్లో, మేత పేరుకున్న ఇసుకలో ఇది చేరుతుంది. పీల్చి తీసేసి, పంపు ముఖాన్ని ఆ మూలకు తిప్పితే చాలాసార్లు లొంగుతుంది. ఎరిత్రోమైసిన్ మాత్రలు కరిగించి పోసేవారూ ఉన్నారు. జిగురు పోతుంది. దానితో ట్యాంకును నిలబెట్టే మంచి బ్యాక్టీరియాకూ దెబ్బ తగలవచ్చు. ఆ నీరు కాలువలోకి వెళ్లి మందులకు లొంగని సూక్ష్మజీవులను పెంచే ప్రమాదం వేరే. చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనే అలవాటు ఇప్పటికే ఆసుపత్రుల్లో ప్రాణాలు తీస్తున్న దేశంలో చేపల తొట్టె కోసం దాన్ని పెంచడం మంచిది కాదు.

అందరికన్నా మొండిది డైనోఫ్లాజెల్లేట్. గాలి బుడగలు చిక్కుకున్న గోధుమరంగు చీమిడిలా వేలాడుతుంది. రాత్రి తగ్గి, మధ్యాహ్నానికి మళ్లీ లేస్తుంది. విచిత్రమేమిటంటే ఇది తరచూ మురికి ట్యాంకుల్లో కాదు, అతి శుభ్రమైన ట్యాంకుల్లో దాడి చేస్తుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకు దించాలన్న పట్టుదలతో ఔత్సాహికులు రసాయనాలు వాడినప్పుడు పోటీదారులంతా ఆకలితో చస్తారు. ఖాళీ అయిన సింహాసనం మీద ఇది కూర్చుంటుంది. కొన్ని రకాలు విడుదల చేసే విషానికి నత్తలు చనిపోతాయి. పగడాలు కూడా ఆకలితో పాలిపోతాయి. అందుకే నైట్రేట్ 2 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 అనే మధ్యేమార్గం. శుభ్రత పేరుతో సున్నా కోరడం కూడా ఒక రకం అతే.

కాపలాదారులు లేని ఊరు

పోషకాలు ఒక కారణమైతే మేసేవారు లేకపోవడం రెండో కారణం. దీనికి సముద్రమే పెద్ద సాక్ష్యం చూపింది. 1983 జనవరిలో పనామా తీరం దగ్గర పొడవాటి ముళ్ల డయాడెమా సీ అర్చిన్‌లకు అంతుచిక్కని తెగులు సోకింది. ఏడాది తిరిగేసరికి కరీబియన్ సముద్రమంతటా 90 శాతానికి పైగా చనిపోయాయి. జమైకాలో నాచును మేసే చేపలను జాలర్లు అప్పటికే దాదాపు ఖాళీ చేసేశారు. 1980లో వచ్చిన అలెన్ తుపాను పగడాలను విరగ్గొట్టింది. చివరి కాపలాదారు కూడా పోవడంతో నాచుకు ఎదురు లేకుండాపోయింది. 1970ల చివర్లో అక్కడి దిబ్బల మీద సగానికి పైగా పగడాలుండేవి. 1990ల ఆరంభానికి అవి ఐదు శాతం లోపుకు పడిపోయాయి. 1994లో టెరెన్స్ హ్యూస్ ప్రచురించిన అధ్యయనం ఈ పతనాన్ని ప్రపంచం ముందు పెట్టింది.

ఇంట్లోనూ సూత్రం అదే. ట్రోకస్, టర్బో నత్తలు, చిన్న సన్యాసి పీతలు నాచును మొలక దశలోనే మేస్తాయి. సర్జన్ చేపలు పెద్ద మేతగాళ్లు. కానీ రోజంతా ఈదే ఈ చేపను నాలుగడుగుల కన్నా చిన్న తొట్టెలో పెట్టడం హింస. ఎన్ని కాపలాదారులున్నా వారు తిన్నది విసర్జనగా నీటిలోకే వస్తుందని మరవకూడదు. పోలీసులు బందోబస్తు చేయగలరు, బడ్జెట్ లోటు పూడ్చలేరు.

స్థిరత్వమే ఆరోగ్యం

నాచును అదుపు చేసినంత మాత్రాన పగడం పెరగదు. రాతి పగడాలు నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేట్‌ను తీసుకుని అరగొనైట్ అనే సున్నపు రూపంలో ఎముక కట్టుకుంటాయి. కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,250 నుంచి 1,350, క్షారత్వం 8 నుంచి 11 డీకేహెచ్ మధ్య ఉండాలి. ఫాస్ఫేట్ ఎక్కువైతే ఈ సున్నపు నిర్మాణానికి అడ్డుపడుతుంది. కనుక నాచుకు బలమిచ్చేదే పగడానికి ఎముక బలహీనత. అంకె కన్నా దాని నిలకడ ముఖ్యం. 8 దగ్గర నెలల తరబడి ఉన్న ట్యాంకులో పగడాలు ఎదుగుతాయి. ఇవాళ 7, ఎల్లుండి 11 అన్నట్టుంటే కొమ్మలు కొనల నుంచి తెల్లబడతాయి. తలుపులు మూసి రోజంతా ఏసీ నడిచే గదిలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ చేరి నీటి పీహెచ్ పడిపోతుంది. కిటికీ కాసేపు తెరిస్తే చాలు.

ఇక ఉష్ణోగ్రత. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీలు అనుకూలం. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిన ఇంట్లో ట్యాంకు నీరు 31, 32కు చేరడానికి గంటలు చాలు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ. పంపు ఆగితే ముందు చేపలు పోతాయి. తర్వాత ఒత్తిడికి లోనైన పగడం తన ఒంట్లోని అద్దెదారు నాచును గెంటేస్తుంది. రంగులో ఎక్కువ భాగం ఆ నాచుదే కనుక తెల్లగా మారుతుంది. అదే బ్లీచింగ్. వెంటనే చావదు. కొన్ని వారాలు ఆకలితో గడుపుతుంది. ఆలోగా నీరు చల్లబడితే తేరుకోవచ్చు. లేకపోతే మిగిలిన అస్థిపంజరాన్ని బయటి నాచు ఆక్రమిస్తుంది. పొడి వాతావరణంలో నీటి మీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువుండే విశాఖలో, చెన్నైలో ఆ ఉపాయం అంతగా పారదు. చిల్లర్, ఇన్వర్టర్ కొనలేనివారు పగడాల జోలికి పోకపోవడమే మేలు.

చట్టం ఏమంటోంది?

దుకాణాల్లో సాధారణంగా చెప్పని విషయం ఒకటుంది. 2001లో కేంద్రం రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్‌లను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. అంటే పులికి, ఏనుగుకు ఉన్న రక్షణే వీటికీ ఉంది. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. చచ్చిన పగడపు ముక్కకూ ఇదే వర్తిస్తుంది. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2022 సవరణ 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక కనీస జరిమానా 25 వేల రూపాయలు. జీవమున్న రాళ్ల పేరిట మన తీరాల నుంచి తవ్వి తెచ్చే సరుకులోనూ రాతి పగడాలుంటాయి. కొన్నవారికి తెలియదన్నది సమర్థన కాదు. విదేశీ రాతి పగడాలన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నాయి. కాగితాలు లేకుండా వాటినీ తేవడానికి వీల్లేదు.

చట్టబద్ధంగా నడవాలనుకునేవారికి దారి మూసుకుపోలేదు. సిమెంటుతోనో, పింగాణీతోనో చేసిన కృత్రిమ రాళ్ల మీద బ్యాక్టీరియాను పెంచవచ్చు. కాస్త ఓపిక కావాలంతే. చేపల్లో సముద్రం నుంచి పట్టినవాటి కన్నా హేచరీలో పుట్టినవి మేలు. ఫిలిప్పీన్స్ తీరాల్లో 1960ల నుంచి చేపలను మత్తులో దించడానికి సైనైడ్ చల్లిన చరిత్ర ఉంది. ఆ విషానికి చేపల చుట్టూ ఉన్న పగడాలూ చచ్చాయి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ, క్లౌన్ చేపల్లో పలు జాతులను హేచరీలో పుట్టించే పద్ధతులు రూపొందించింది. ఇంట్లో అలాంటి జంట, కొన్ని నత్తలు, గులాబీరంగు కోరలైన్ నాచు పట్టిన కృత్రిమ రాళ్లు ఉంటే అందానికి లోటుండదు. రాళ్లను కమ్మే ఆ గట్టి గులాబీ పొర కూడా నాచేనన్నది చాలామందికి తెలియని సంగతి. అది కనిపించిందంటే ట్యాంకు ఆరోగ్యం బాగున్నట్టు.

మన్నార్ చెప్పే కథ

రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా మన్నార్ సింధుశాఖలో 21 దీవులు. చుట్టూ పగడపు దిబ్బలు. 1986లో అక్కడ సముద్ర జాతీయ పార్కు ఏర్పాటైంది. అయినా దశాబ్దాల తరబడి సున్నం కోసం పగడాలను తవ్వారు. తూత్తుకుడి, కీలకరై వైపున్న రెండు దీవులు నీట మునిగాయి. 2004 సునామీ అలలను దిబ్బలు ఎలా అడ్డుకుంటాయో చూశాక తవ్వకం ఆగింది.

తవ్వకానికి తోడు నాచు వచ్చింది. క్యారగీనన్ అనే చిక్కదనమిచ్చే పదార్థం కోసం పెంచే కప్పాఫైకస్ అల్వరెజీ అనే విదేశీ సముద్రపు నాచు సాగు మండపం ప్రాంతంలో మొదలైంది. జాలరి కుటుంబాల మహిళలకు అది ఆదాయం. కానీ 2008లో కురుసడై దీవి దగ్గర ఆ నాచు పగడాల మీదికి పాకి వాటిని కప్పేస్తున్నట్టు శాస్త్రవేత్తలు నమోదు చేశారు. సాగు సమర్థకులు ప్రమాదం అతిగా చెబుతున్నారని వాదించారు. ఆ చర్చ తేలకముందే 2023లో రామనాథపురం జిల్లాలో సముద్రపు నాచు పార్కుకు శంకుస్థాపన జరిగింది. ఉపాధి కావాలి, నిజమే. ఏ జాతిని, దిబ్బకు ఎంత దూరంలో పెంచాలన్నది నిర్ణయించాకే తెప్పలు నీటిలోకి దింపాలన్నదీ అంతే నిజం.

దీనికి తోడు వేడి. 1998, 2010, 2016 సంవత్సరాల్లో భారత సముద్రాల్లో పెద్దయెత్తున బ్లీచింగ్ జరిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి బ్లీచింగ్ విపత్తు నడుస్తున్నట్టు అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. అదే ఏడాది లక్షద్వీప్ పగడాలు తీవ్రంగా తెల్లబడినట్టు సీఎంఎఫ్‌ఆర్‌ఐ గుర్తించింది. 1998తో పోలిస్తే అక్కడి దిబ్బల మీద జీవమున్న పగడాలు దాదాపు సగానికి తగ్గాయి. తెల్లబడిన చోట నాచు ఎక్కకుండా చూసేది మేసే చేపలే. వాటిని కూడా పట్టేస్తే జమైకా కథ ఇక్కడా జరుగుతుంది.

పారబోయకూడని నీళ్లు

ఇంటి ట్యాంకు వల్ల సముద్రానికి జరిగే హాని మాటల్లో కొట్టిపారేయదగ్గది కాదు. 1984లో మొనాకోలోని సముద్ర మ్యూజియం అక్వేరియం నుంచి కౌలెర్పా టాక్సిఫోలియా అనే అందమైన నాచు బయటపడింది. మొదట కనిపించింది ఒక చదరపు మీటరు. తర్వాతి రెండు దశాబ్దాల్లో మధ్యధరా తీరంలో వేల హెక్టార్లకు పాకింది. 2000లో అదే నాచు కాలిఫోర్నియాలోని ఒక ఉప్పుటేటిలో బయటపడితే ప్లాస్టిక్ పట్టాలు కప్పి, క్లోరిన్ పోసి, 2006 దాకా పోరాడితే గానీ పూర్తిగా పోలేదు. అందుకే ట్యాంకు నుంచి పీకిన నాచును, రాళ్లను, అక్కర్లేని చేపలను సముద్రంలోనో, చెరువులోనో వదలకూడదు. నాచును ఎండబెట్టి చెత్తలో వేయాలి.

ఇంట్లోవారికీ ఒక హెచ్చరిక. చౌకగా దొరుకుతూ త్వరగా పెరిగే కొన్ని జోయాంథిడ్ జీవుల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. విరుగుడు లేని విషం. అవి పట్టిన రాళ్లను శుభ్రం చేద్దామని వేడినీళ్లలో ఉడికించి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలు పలు దేశాల్లో నమోదయ్యాయి. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా వాటిని ముట్టకూడదు. ఉడికించనే కూడదు.

ఇన్ని జాగ్రత్తల మధ్య పగడాల తొట్టె నడపడానికి నిజంగా కావలసినవి ఖరీదైన మందులు కావు. ఒక టీడీఎస్ మీటరు, ఒక రిఫ్రాక్టోమీటరు, నమ్మదగిన పరీక్ష కిట్లు, వారానికోసారి అంకెలు రాసుకునే నోటుపుస్తకం. రోజుకు ఎనిమిది గంటలకు మించని వెలుతురు. ఏ మార్పయినా ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా. ఫాస్ఫేట్ 0.3 ఉంటే దాన్ని రాత్రికి రాత్రే 0.03కు దించితే పగడాలు తట్టుకోలేవు. నెలలు పట్టాలి.

ఇంట్లో వచ్చిన తప్పును దిద్దుకోవడానికి అవకాశముంది. వారానికి పది శాతం నీరు మార్చవచ్చు, ఫ్యాను వేయవచ్చు, మేత తగ్గించవచ్చు. మన్నార్‌కు, లక్షద్వీప్‌కు ఆ సదుపాయం లేదు. అక్కడికి వెళ్లే మురుగును, ఎరువును, వేడిని తీరానికి ఇవతలే ఆపాలి. సముద్రానికి మార్చడానికి వేరే నీరు లేదు.